తిట్టలేదు, కాస్త తక్కువ పొగిడారంతే

పట్టాళంలో ప్రమోషన్ ఆగిపోయినవాడి సీఆర్ నిండా, అంటే పై ఆఫీసర్లు ఏటా రాసే రహస్య నివేదిక నిండా, తిట్లే ఉంటాయని బయటివాళ్ళ ఊహ. ఏమీ ఉండవు. క్రమశిక్షణ ఉంది, కష్టపడతాడు, నమ్మకస్తుడు, పై ర్యాంకుకి పనికొస్తాడు అనే రాసి ఉంటుంది. కాకపోతే పక్కవాడికి తొమ్మిది వేసినచోట ఇతనికి ఏడు వేసి ఉంటుంది. తిడితే ఒక దారి ఉంది. వ్యతిరేక వ్యాఖ్య రాస్తే దాన్ని ఆ మనిషికి తెలియజేయాలి, అతని జవాబు తీసుకోవాలి. తక్కువ పొగిడితే మాత్రం ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. ఈ సందు మూసేయాలన్నదే నా వాదన.

నేను ఆర్మీలో క్లర్కుగా చేరి సుబేదారుగా బయటికొచ్చాను. మాది పశ్చిమగోదావరి. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మిలటరీ మాధవరం అని ఊరికే అనరు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ అక్కడ పట్టాళం చూసిన మనిషి లేని ఇల్లు వెతుక్కోవాలి. చుట్టుపక్కల ఊళ్ళకీ ఆ గాలి సోకింది. అందుకని రిటైరయ్యాక మా వరండాలోకి పెన్షన్ కాగితాలు, పీపీఓలో (పెన్షన్ చెల్లింపు ఆర్డరులో) తప్పులు, వాటితోపాటు ప్రమోషన్ అర్జీలూ వస్తూనే ఉన్నాయి. సీఆర్‌లో ఏముందో క్లర్కు చదవకూడదు. కవరు మీద నంబరు వేసి, డిస్పాచ్ రిజిస్టరులో ఎక్కించి పంపడం వరకే మా పని. కానీ ఏ కవరు ఎప్పుడు వెళ్ళింది, ఎప్పుడు తిరిగొచ్చింది, ఏ ఆఫీసరు లీవులో ఉండగా ఏ తేదీతో సంతకం పడింది, ఇవి క్లర్కుకి తెలిసినంతగా కమాండింగ్ ఆఫీసరుకి కూడా తెలియవు.

ముందు లెక్క ఎలా నడుస్తుందో చెప్పాలి. ఆఫీసరు సీఆర్‌ని ముగ్గురు రాస్తారు. మొదలుపెట్టేవాడు ఇనిషియేటింగ్ ఆఫీసర్, ఆ పైన రివ్యూయింగ్ ఆఫీసర్, ఆ పైన సీనియర్ రివ్యూయింగ్ ఆఫీసర్. 9 అంటే అవుట్‌స్టాండింగ్. 8, 7 అబౌ యావరేజ్. 6, 5 హై యావరేజ్. మొదటాయన రాసినదాంట్లో చాలా భాగం చూపించి సంతకం పెట్టించుకుంటారు. పైవాళ్ళిద్దరూ ఏం వేశారో చూపించరు. లెఫ్టినెంట్ కల్నల్ వరకూ ఏళ్ళు నిండి, పరీక్షలు పాసైతే ర్యాంకు దానంతటదే వస్తుంది. 2004లో అజయ్ విక్రమ్ సింగ్ కమిటీ సిఫార్సులు అమలయ్యాక ఇది స్థిరపడింది. అసలు గేటు కల్నల్ దగ్గర. అక్కడ నంబర్ త్రీ సెలక్షన్ బోర్డు కూర్చుంటుంది. బోర్డు ముందు మనిషి ఉండడు, పేరూ ఉండదు, అంకెలే ఉంటాయి. 2009 నుంచీ నూటికి 95 మార్కులు కాగితాల మీది లెక్క, మిగతా 5 సభ్యుల విచక్షణ. సొంత బ్యాచితో ఒకసారి, ఆ తర్వాత రివ్యూలో రెండుసార్లు చూస్తారు. మూడోసారీ పేరు రాకపోతే ఆ ఆఫీసరు ఇక తన జూనియర్లకి సెల్యూట్ కొడుతూ సర్వీసు వెళ్ళదీయాలి.

అందరికీ ఎనిమిదిన్నర, తొమ్మిది పడుతున్న చోట 95 మార్కుల లెక్క దశాంశాల మీద తేలుతుంది. ఒక్క సీఆర్‌లో, అదీ తనకు చూపించని గడిలో, ఒక పెద్దాయన 7 వేస్తే చాలు. ఆ 7ని ఏ రూలూ వ్యతిరేక వ్యాఖ్య అనదు. అబౌ యావరేజే కదా, ఇంకేం కావాలి అంటారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, మా వాళ్ళకి ఇది నచ్చదు. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామందికి అన్యాయం ఏమీ జరగలేదు. పైకి పోయేకొద్దీ కుర్చీలు తగ్గుతాయి, మంచివాళ్ళు కూడా మిగిలిపోతారు. అలాంటివాళ్ళకి అర్జీ రాయనని చెప్పేస్తాను. కోపం తెచ్చుకుని వెళ్ళిపోతారు, వేరేవాళ్ళ చేత రాయించుకుంటారు. అయితే తనది ఏ కోవలోకి వస్తుందో ఆ మనిషికి తెలిసే దారి ఎక్కడుంది? కుర్చీ లేక ఆగాడా, ఎవరో ఒకరు అంకె తగ్గించడం వల్ల ఆగాడా? కాగితం చూపించనంత కాలం ప్రతివాడూ రెండోదే అనుకుంటాడు. నిజంగా జరిగిన అన్యాయం కన్నా అనుమానం చెడ్డది.

ఒక హవల్దారు కథ చెప్తాను. యూనిట్ పేరు అనవసరం. మా పక్క ఊరివాడే, వరసకి కొడుకవుతాడు. నాయబ్ సుబేదారు ప్రమోషన్‌కి గత అయిదు సీఆర్‌లు చూస్తారు. వాటిలో కనీసం మూడు అబౌ యావరేజ్ ఉండాలి, మిగతావి హై యావరేజ్‌కి తగ్గకూడదు. ఇతనికి రికార్డ్స్ ఆఫీసు నుంచి వచ్చింది ఒకే ఒక్క వాక్యం: సీఆర్ క్రైటీరియా పూర్తి కాలేదు అని. మూడోది హై యావరేజ్ అయిపోయింది, లెక్క రెండు దగ్గర ఆగిపోయింది. అతని ప్రశ్న ఒకటే. “మనం ఏం తప్పు చేశామండి బాబాయ్? తప్పు చేస్తే పిలిచి అడగాలి కదండి?”

అర్జీ రాసుకొచ్చాడు. నాలుగు పేజీలు. సియాచిన్‌లో చేశాను, ఫైరింగులో ఫస్టొచ్చాను, కమాండరు గారు భుజం తట్టారు, నా మీద రెడ్ ఇంక్ ఎంట్రీ (శిక్ష పడ్డట్టు రాత) ఒక్కటీ లేదు అని. అన్నీ నిజాలే. వాటిలో ఒక్కటీ పనికి రాదు. నువ్వు మంచివాడివా కాదా అని తేల్చడానికి సైనికుల కేసులు వినే ట్రిబ్యునల్ ఒప్పుకోదు. ఆ పని పై ఆఫీసర్లది, వాళ్ళ అంచనాకి బదులు మా అంచనా పెట్టం అని కోర్టులు ఎప్పటి నుంచో చెప్తున్నాయి. కక్షతో రాశారా, రూలు తప్పారా, ముందూ వెనకా ఉన్న రికార్డుకి ఈ ఒక్కటీ పొసగడం లేదా అని మాత్రమే చూస్తారు.

ఇంట్లో ఏం కాగితాలున్నాయో అన్నీ పట్రమ్మన్నాను. నల్ల ట్రంకు పెట్టె మోటారు సైకిలు వెనక కట్టుకుని తెచ్చాడు. పైన అతని నంబరు, పేరు తెల్ల పెయింటుతో రాసి ఉన్నాయి. అడుగున పాత స్వెట్టరు కింద ప్లాస్టిక్ కవరులో లీవు సర్టిఫికెట్లు, మూవ్‌మెంట్ ఆర్డర్లు, కోర్సుకి వెళ్ళినప్పటి రైల్వే వారంటు జిరాక్సులు. ఇవి దాచుకునేవాళ్ళు తక్కువ. నేల మీద వరసగా పరిచాం. ఆ ఏడాది కంపెనీ కమాండరు కొత్తగా వచ్చాడు. ఆయన వచ్చిన రెండు వారాలకి ఇతను కోర్సుకి పోయాడు, కోర్సు నుంచి నేరుగా యాన్యువల్ లీవు, లీవు నుంచి వచ్చాక వేరే యూనిట్‌కి అటాచ్‌మెంట్. సీఆర్ మొదలుపెట్టే ఆఫీసరు కింద మనిషి కనీసం 90 రోజులు ఎదురుగా ఉండి పనిచేయాలి. కాగితం మీద పోస్టింగు ఉంటే చాలదు. కూడితే తొంభైకి నాలుగు రోజులు తక్కువొచ్చింది. వేలి మీద మళ్ళీ లెక్కపెట్టాం, అదే వచ్చింది.

నాలుగు పేజీల అర్జీ పక్కన పడేసి, పేజీన్నరలో తేదీలు రాశాం. సియాచిన్ తీసేసినందుకు అతనికి చాలా బాధ. ఆర్మీ చట్టం 26వ సెక్షన్ కింద పైకి వెళ్ళిన ఆ అర్జీకి, పస లేదంటూ తిరస్కరణ వచ్చింది. ఎందుకు లేదో రాయలేదు. ఆ కాగితం తీసుకుని చెన్నై వెళ్ళాం. మన రెండు రాష్ట్రాలూ ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ చెన్నై బెంచి కిందికే వస్తాయి. అక్కడ ఆ సీఆర్ చెల్లదని కొట్టేశారు. అతన్ని సొంత బ్యాచితో మళ్ళీ పరిశీలించమన్నారు. నాయబ్ సుబేదారు అయ్యాడు, పాత తేదీతో సీనియారిటీ వచ్చింది. ఇంట్లో వేట కోశారు.

నాకు మాత్రం మింగుడు పడలేదు. ఆ కమాండరు ఎందుకు తగ్గించాడో ఇప్పటికీ తెలియదు. ఇతనికి జరిగింది అన్యాయమో కాదో ఎవరూ తేల్చలేదు. రోజులు తగ్గాయి కాబట్టి గెలిచాడు. అటాచ్‌మెంట్ నుంచి ఒక్క వారం ముందు తిరిగొచ్చి ఉంటే అదే అంకె, అదే ఆఫీసరు, అదే మనిషి, ఓడిపోయేవాడు. మన దగ్గర రికార్డు దిద్దడం అంటే ఫారం నింపడంలో తప్పు దొరకడం. రాసినదానిలో తప్పు పట్టాలంటే ముందు అది చూడాలి కదా.

రాసినదానిలోనే తప్పు పట్టి గెలిచిన కేసు లేకపోలేదు. బ్రిగేడియర్ దేవిందర్ సింగ్‌ది. 1999 కార్గిల్ యుద్ధంలో బటాలిక్ వైపు 70 ఇన్‌ఫంట్రీ బ్రిగేడ్ ఆయనదే. యుద్ధం అయ్యాక మేజర్ జనరల్ ర్యాంకు రాలేదు. అప్పటి 15 కోర్ కమాండర్ లెఫ్టినెంట్ జనరల్ కిషన్ పాల్ తన సీఆర్ తగ్గించి రాశారనీ, యుద్ధానంతర నివేదికలో తన బ్రిగేడ్ చేసిన పనులు సరిగా నమోదు కాలేదనీ ఆయన ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళారు. కేసు ట్రిబ్యునల్‌కి మారింది. 2010 మేలో ట్రిబ్యునల్ ఆ సీఆర్‌లో పక్షపాతం ఉందని తేల్చి, ఆ రాతలు తీసేయమంది, నివేదికని సవరించమంది, ప్రమోషన్‌కి నోషనల్‌గా మళ్ళీ పరిశీలించమంది. గొప్ప తీర్పే. అయితే చూడండి: యుద్ధం జరిగి అప్పటికి పదకొండేళ్ళు, ఆయన రిటైరైపోయారు. నోషనల్ అంటే ర్యాంకు కాగితం మీద, తేడా పెన్షన్‌లో. ఒక డివిజన్‌ని నడిపే అవకాశం పోయింది, అది ఎవరూ తిరిగివ్వలేరు. పైగా ఆయన పక్షాన దేశమంతా చూసిన యుద్ధం ఉంది, సిట్‌రెప్‌లు (అప్పటికప్పుడు పంపిన పరిస్థితి నివేదికలు) ఉన్నాయి, మ్యాపులున్నాయి. బారముల్లాలో రేషన్ స్టోరు చూసుకున్న హవల్దారు దేన్ని సాక్ష్యంగా తెస్తాడు?

పెద్దవాళ్ళకైతే రికార్డు సులువుగా దిద్దుకుంటుందనీ అనుకోకండి. జనరల్ వి.కె. సింగ్ ఆర్మీ చీఫ్‌గా ఉండి కూడా పుట్టిన ఏడాది మార్పించుకోలేకపోయారు. ఒకే హెడ్‌క్వార్టర్స్‌లో అడ్జుటెంట్ జనరల్ బ్రాంచిలో 1951, ప్రమోషన్లు చూసే మిలటరీ సెక్రటరీ బ్రాంచిలో 1950. క్లర్కుగా నాకు ఇందులో ఆశ్చర్యం ఏమీ లేదు, ఇంతకన్నా చిత్రాలు చూశాను. చట్టం కింద ప్రభుత్వానికి ఆయన పెట్టుకున్న అర్జీని (స్టాట్యూటరీ కంప్లయింట్) 2011 డిసెంబరు 30న తిరస్కరించారు. సుప్రీంకోర్టుకి వెళ్ళి, 2012 ఫిబ్రవరి 10న పిటిషన్ వెనక్కి తీసుకున్నారు. ఆయనకి అడ్డుపడినవి అంతకుముందు 1950ని ఒప్పుకుంటూ ఆయనే రాసిచ్చిన ఉత్తరాలు. పై ర్యాంకు చేతికందుతున్నప్పుడు ఎదర పెట్టిన కాగితం మీద ఎవరైనా సంతకం పెడతారు. ఆ సంతకం తర్వాత మెడకి చుట్టుకుంటుంది. మా కుర్రాళ్ళకి నేను చెప్పేది ఇందులోంచి ఒక్కటే: తప్పు కనబడ్డ రోజే రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టు, రసీదు తీసుకో. ప్రమోషన్ వచ్చాక చూద్దాంలే అనుకోకు.

ట్రిబ్యునల్లో జరిగే ఒక తంతు ఉంది. అర్జీదారు సీఆర్‌లు సీలు వేసిన కవరులో వస్తాయి. బెంచి మీద ఒక జడ్జీ, ఒక రిటైర్డు సైనికాధికారి కూర్చుంటారు. కవరు చింపి, పేజీలు తిప్పి, ఒకరికొకరు ఏదో చూపించుకుంటారు. అవతల ఆర్మీ తరఫు లాయరుకి అందులో ఏముందో తెలుసు. ఇవతల వెనక బెంచీ మీద, ఇస్త్రీ చొక్కాలో నిటారుగా కూర్చున్నవాడికి మాత్రం తెలియదు. అవి అతని ఇరవయ్యేళ్ళ జీవితం గురించిన పేజీలే. జడ్జీగారి కనుబొమ్మ లేస్తే మంచికా చెడుకా అని నా మోచెయ్యి పొడుస్తాడు.

2022 అక్టోబరులో సుప్రీంకోర్టు దీన్ని తప్పు పట్టింది. నేవీ అధికారుల పర్మనెంట్ కమిషన్ (రిటైర్మెంటు దాకా కొలువు) కేసు, కమాండర్ అమిత్ కుమార్ శర్మది. ఎదుటివాడికి చూపించకుండా సీల్డు కవరులోంచి చదివి తీర్పు ఇవ్వడం సహజ న్యాయానికి విరుద్ధం అని, కేసుని తిరిగి ట్రిబ్యునల్‌కి పంపింది. జస్టిస్ చంద్రచూడ్‌తో పాటు ఆ బెంచిలో ఉన్నది జస్టిస్ హిమా కోహ్లీ, అంతకుముందు ఏడాది మన తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి. నా లెక్కన ఈ విషయంలో గత పదేళ్ళలో వచ్చిన మంచి మాట ఇదే. కానీ ఇది కోర్టుదాకా వెళ్ళినవాడికి. వెళ్ళాలా వద్దా అని తేల్చుకోడానికే ఆ కాగితం కావాలి.

దీనికి పద్నాలుగేళ్ళ ముందే దారి పడి ఉండాల్సింది. బోర్డర్ రోడ్స్‌లో పనిచేసే దేవ్ దత్ అనే ఇంజినీరుకి సూపరింటెండింగ్ ఇంజినీరు కావాలంటే అయిదేళ్ళు వెరీ గుడ్ ఉండాలి. ఒక్క ఏడాది, 1993-94లో, గుడ్ అని పడింది. గుడ్ తిట్టు కాదు కదా అని ఆయనకి చెప్పలేదు. 2008లో సుప్రీంకోర్టు చెప్పింది వినండి: ప్రమోషన్ ఆపగల రాత ఎంత తియ్యగా ఉన్నా అది ఆ మనిషికి వ్యతిరేకమే, ప్రతి ఎంట్రీ తెలియజేయాల్సిందే అని. నేను ఇప్పటిదాకా వాదిస్తున్నది సరిగ్గా ఇదే. అయితే అదే తీర్పులో, ఇది సైనికాధికారులకి వర్తించదు, వాళ్ళ సంగతి వేరు అని ఒక వాక్యం ఉంది. సరిహద్దు రోడ్డు వేసే ఇంజినీరుకి దొరికిన హక్కు, ఆ రోడ్డు మీద కాపలా కాసే మేజరుకి లేదు.

వాళ్ళ సంగతి ఎందుకు వేరో చెప్పే వాదన నేను మెస్సుల్లో చాలాసార్లు విన్నాను. చూపిస్తారని తెలిస్తే ఎవరూ నిజం రాయరు, అందరికీ తొమ్మిదులే వేస్తారు, రేపు గుండ్ల కింద పరిగెత్తమన్నప్పుడు నాకెందుకు ఏడు వేశావ్ అని అడిగేవాడు తయారవుతాడు అని. మొదటి భాగానికి జవాబు: చూపించకుండానే తొమ్మిదులు పడుతున్నాయి. రెండోదానికి జవాబు కొంచెం కష్టం. కమాండు అనేది ముఖం చూసి మొహమాటపడితే నడవదు, నిజమే. కానీ ఎదుటపడి చెప్పలేని అంకెని చాటున వేసేవాడు గుండ్ల కింద మాత్రం ఏం నడిపిస్తాడు?

చాటున ఉన్న రాతలో శ్రద్ధ ఎలా ఉంటుందో మహిళా ఆఫీసర్ల కేసులో బయటపడింది. వీళ్ళకి ఎలాగూ పర్మనెంట్ కమిషన్ లేదు కదా అనే కాలంలో వాళ్ళ సీఆర్‌లు ఏదో రాశామంటే రాశామన్నట్టు రాశారు. 2020లో బబితా పునియా తీర్పు వచ్చి అర్హత దొరికేసరికి ఆ రాతలనే తీసి మార్కులు లెక్కపెట్టారు. 2021 మార్చిలో లెఫ్టినెంట్ కల్నల్ నితీష కేసులో సుప్రీంకోర్టు దీన్ని పరోక్ష వివక్ష అంది. 2023 జనవరిలో 108 కల్నల్ ఖాళీలకి 244 మందిని పరిశీలించారు. అందులో కూడా తొమ్మిదేళ్ళ సర్వీసు తర్వాతి సీఆర్‌లు పక్కన పెట్టారని మళ్ళీ కోర్టుకి వెళ్తే, నవంబరులో అది ఇష్టారాజ్యం అని కొట్టేసి, బోర్డు మళ్ళీ పెట్టమన్నారు. ఎవరూ కక్ష కట్టి రాసినవి కావు అవి. ఎవరూ చూడరులే అని రాసినవి.

అమెరికాలో ఈ పనికి వేరే ఏర్పాటు ఉంది. 1946కి ముందు ఒక సైనికుడి రికార్డులో తప్పు దిద్దాలంటే ప్రత్యేకంగా అతని కోసం కాంగ్రెసులో బిల్లు పెట్టాల్సి వచ్చేది. విసిగిపోయి ఆ ఏడాది చట్టం చేసి, సివిలియన్లతో రికార్డులు దిద్దే బోర్డులు పెట్టారు. తప్పు గానీ అన్యాయం గానీ ఉందని తేలితే దిద్దొచ్చు. డీడీ 149 అనే ఫారం, లాయరు లేకుండా కూడా పంపుకోవచ్చు, తెలిసిన మూడేళ్ళలో పెట్టాలి, న్యాయం కోసం ఆలస్యాన్ని మన్నించే అధికారం బోర్డుకి ఉంది. తప్పు రికార్డు చూసి ప్రమోషన్ ఆపారని తేలితే స్పెషల్ సెలక్షన్ బోర్డు పెడతారు. దిద్దిన ఫైలుని, ఆనాడు ఎంపికైనవాళ్ళవీ కానివాళ్ళవీ కొన్ని ఫైళ్ళ పక్కన పెట్టి పోలుస్తారు. అదేమీ స్వర్గం కాదు, ఎక్కువ అర్జీలు మనిషిని పిలవకుండా కాగితాల మీదే తేల్చేస్తారు. కానీ ఒక్క విషయం గమనించండి. అక్కడి ఆఫీసరుకి పై అధికారి రాసినదంతా, సీనియర్ రేటర్ పెట్టిన గడితో సహా, చూపించి సంతకం తీసుకుంటారు. ఆ సైన్యం కూలిపోలేదు.

మన దగ్గర సివిలియన్ బోర్డు పెట్టమని నేను అడగడం లేదు. ట్రిబ్యునల్ ఉంది, చాలు. 2007 చట్టం ప్రకారం ముందు డిపార్ట్‌మెంటులో కంప్లయింట్ పెట్టాలి, ఆరు నెలల్లో జవాబు రాకపోతే ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు, జవాబు వస్తే అక్కడి నుంచి ఆరు నెలలు గడువు. ఆ ఆరు నెలల గడియారం, తనకు చూపించని కాగితం మీద వాదన తయారు చేసుకోమని ఒక మనిషిని తొందరపెడుతుంది. రివ్యూయింగ్ ఆఫీసరు, సీనియర్ రివ్యూయింగ్ ఆఫీసరు వేసిన అంకెలు సీఆర్ పూర్తయిన నెలలోగా ఆ మనిషికి తెలియాలి. హవల్దారుకైతే గ్రేడింగు ఏమొచ్చిందో చెప్పాలి. కింద ఆఫీసరు వేసినదాని కన్నా పైవాడు తగ్గిస్తే ఎందుకో రెండు వాక్యాలు రాయాలి. అభ్యంతరం ఉంటే అప్పుడే పెడతాడు, సాక్షులు ఇంకా యూనిట్‌లో ఉండగా, డిస్పాచ్ రిజిస్టరు ఇంకా చెదలు పట్టకముందే. ఇందుకు పార్లమెంటు కూర్చోనక్కర్లేదు. ఆర్మీ హెడ్‌క్వార్టర్స్ నుంచి ఒక పాలసీ లెటర్ వస్తే అన్ని యూనిట్లలోనూ అమలైపోతుంది. అలాంటివి నేను బోలెడు టైపు చేశాను, అనుబంధాలతో కలిపి మూడు పేజీలకి మించవు.